బండి మనది, తాళము పరులది

2021 జూనులో హైదరాబాదు నగరమున పెట్రోలు ధర లీటరునకు నూరు రూపాయలు దాటినది. దానితో మధ్యతరగతి గృహస్థుని చూపు హైబ్రిడ్ కార్లపై బడినది. పెట్రోలు యంత్రమును విద్యుత్తు మోటారును ఒకే కాడికి కట్టిన ఈ వాహనము తక్కువ మేతతో ఎక్కువ దూరము నడచునని ప్రతీతి. అది అసత్యము కాదు. అయితే క్రొత్త హైబ్రిడ్ కొనగల స్తోమతు మన పట్టణములలో ఎందరికున్నది? కావుననే పాతబండ్ల బేరము సాగుచున్నది. 2013 ఆగస్టులో సుమారు 30 లక్షల రూపాయల ధరతో వెలువడిన టొయోటా క్యామ్రీ హైబ్రిడ్, చిన్న క్రొత్తకారు వెలకే చేతికి వచ్చుననిన నోరూరనివాడెవడు?

ఆ కోరిక తప్పని మేమనము. పొదుపు గోరుట గృహస్థధర్మము. కాని ఆ బేరమునందు దాగియున్న ఒక అన్యాయమును జహీరాబాదు పౌరులు గుర్తింపవలెనని మా మనవి. పాత హైబ్రిడ్ కొన్నవాడు బండికి యజమాని యగుచున్నాడే గాని దాని మరమ్మతునకు యజమాని కాజాలకున్నాడు. దానిని విప్పు విద్య, పరీక్షించు పరికరము, మార్చవలసిన భాగము, ఈ మూడును తయారీదారుల గుప్పిట నున్నవి. ఏనుగు నమ్మి అంకుశమును దాచుకొనుట యనగా నిదియే.

మొదట యంత్రమునకు న్యాయము చేయుదము. టొయోటా పద్ధతి హైబ్రిడ్‌లో విడిగా స్టార్టరు మోటారు లేదు, ఆల్టర్నేటరు లేదు, కాలితో త్రొక్కి అరగదీయు క్లచ్చి లేదు. లేని భాగము చెడదు గదా! వేగము తగ్గించునపుడు మోటారే జనరేటరుగా మారి, వృథాగా పోవలసిన వేగమును విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపును. అందుచే బ్రేకు ప్యాడ్లు చిరకాలము మన్నును. 1997లో జపాను దేశమున ప్రియస్ కారు వెలువడిన తరువాత ఈ జాతి వాహనములు లోకమందలి అనేక నగరములలో టాక్సీలుగా తిరిగి తమ గట్టిదనమును నిరూపించుకొన్నవి. కాబట్టి హైబ్రిడ్ అనగానే చెడిపోవునది యను ప్రచారమును మేము నమ్మము. ఇది తరచుగా చెడు బండి కాదు. చెడినప్పుడు బాగుచేయువాడు దొరకని బండి. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఈ బండ్లకు వచ్చు జబ్బులు ఎవరికిని తెలియని రహస్యములు కావు. అన్నిటికంటె ఖరీదైనది బ్యాటరీ జబ్బు. ఆ క్యామ్రీలో వెనుక సీటు వెనుక నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ గలదు. అది ఒక్క ముద్ద కాదు. ఒక్కొక్కటి 7.2 వోల్టుల శక్తిగల 34 భాగములను వరుసగా గూర్చి 244.8 వోల్టులు సాధించిరి. వరుసలో ఒక్కటి బలహీనమైనను తక్కిన 33 భాగములును దాని నడకనే నడువవలెను. బలహీనమైన దానిని మాత్రము తీసి వేరొకటి పెట్టి, బ్యాటరీ బాగుచేసితిమని చెప్పి అమ్ము వ్యాపారులును గలరు. కాని ఒకే వయస్సు గల ముసలివాండ్రలో ఒకనిని మార్చిన తక్కినవారికి యౌవనము వచ్చునా? కొన్ని నెలలకు మరియొకటి కూలును. హెచ్చరిక దీపము మరల వెలుగును. ఆ దీపమును సయితము అమ్మకమునకు ముందు స్కానరుతో చెరిపివేయవచ్చును. కొన్నవాడు ఇల్లు చేరి పదిసార్లు తిరిగిన తరువాతగాని అది మరల కన్ను తెరువదు.

ఈ బ్యాటరీని చల్లబరచుటకు ఒక చిన్న పంకా గలదు. అది వెనుక సీటు వద్దనున్న జాలీగుండ కారులోని గాలినే పీల్చును. మన ప్రాంతపు ఎఱ్ఱదుమ్మును, ఏప్రిలు మే మాసముల వేడిమిని ఎరిగినవారికి తక్కిన కథ చెప్పనక్కరలేదు. దుమ్ముతో జాలీ మూసుకొనును. పైన దుప్పటియో సామానుమూటయో పడిన గాలి మరింత తగ్గును. బ్యాటరీ లోలోపల ఉడికి, రావలసిన దానికంటె ముందుగా వార్ధక్యమును పొందును. ఆ జాలీని శుభ్రపరచుటకు వ్యయము స్వల్పము. శుభ్రపరచవలెనని ఎవరును చెప్పకపోవుటవలని నష్టము లక్షలు. ఎంత చిన్న మాట తెలియకపోవుటచే ఎంత పెద్ద మూల్యము చెల్లింపవలసి వచ్చుచున్నదో పాఠకులే యోచింతురుగాక.

బ్యాటరీ తరువాతిది ఇన్వర్టరు. బ్యాటరీలోని విద్యుత్తును మోటారునకు తగిన రూపమునకు మార్చు పెట్టె యిది. దీనికి ప్రత్యేకముగ నీటి పంపు గలదు. ఆ పంపు మొండికెత్తిన పెట్టె కాలును. ఇది పేదదేశపు రోడ్లకు మాత్రమే వచ్చు జబ్బు కాదు. 2014 ఫిబ్రవరిలో ఇన్వర్టరును నడుపు సాఫ్టువేరు లోపముచే సుమారు 19 లక్షల ప్రియస్ కార్లను టొయోటా సంస్థ ప్రపంచమంతటనుండి వెనుకకు పిలిచి సరిదిద్దవలసి వచ్చెను. ఇక బ్రేకులు. ఇవి కేవలము కాలిబలముతో పనిచేయునవి గావు. విద్యుత్తుతో ఒత్తిడి పుట్టించు యూనిట్టు వీటికి ప్రాణము. అది చెడిన విప్పి వాషరు మార్చి బిగించుట యనునది లేదు, యూనిట్టు మొత్తము మార్చవలసినదే యందురు. కడపటిది చిన్నదైనను చికాకైనది. పెద్ద బ్యాటరీ నిండుగా నున్నను, ప్రక్కనున్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయిన బండి మేల్కొనదు. నెలకొకసారి పెండ్లికో తీర్థమునకో తీయు బండ్లకు ఈ జబ్బు తప్పదు. తెలిసినవాడున్న కొలదిపాటి ఖర్చుతో పోవును. తెలియనివాడు హైబ్రిడ్ బ్యాటరీయే పోయినదని చెప్పి యజమాని గుండె నాపును.

బండి జహీరాబాదులో ఆగినదనుకొందము. ఇతర కార్లవలె దీనిని త్రాడుకట్టి లాగుటకు వీలులేదు. ముందుచక్రములు నేలపై దొర్లిన వాటితో ముడివడిన మోటారు తిరిగి విద్యుత్తును పుట్టించును. గేరుపెట్టెకును ఇన్వర్టరునకును చేటు. బండిని పూర్తిగా పైకెత్తి పెట్టుకొను లారీ కావలెను. ఆ లారీపై సుమారు నూరు కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదునకు చేర్పవలెను. అచ్చట వర్కుషాపువారు లోపము కనుగొన్నందుకు ఒక రుసుము, భాగము తెప్పించినందుకు ఒక వెల, బిగించినందుకు ఒక కూలి వేయుదురు. వారు చెప్పిన ధర సరియైనదా కాదా యని మరియొకని నడుగు దారి లేదు. బేరమునకు ఇరువురుండవలెను. ఒక్కడే యున్నచోట ఉన్నది బేరము కాదు, శాసనము.

లెక్క చూతము. సంవత్సరమునకు 10,000 కిలోమీటర్లు తిరుగు గృహస్థుని తీసికొందము. సాధారణ పెట్రోలు సెడాను లీటరునకు 11 కిలోమీటర్లు, హైబ్రిడ్ 16 కిలోమీటర్లు నడచుననుకొందము. మొదటిదానికి సుమారు 909 లీటర్లు, రెండవదానికి 625 లీటర్లు ఖర్చగును. మిగులు 284 లీటర్లు. లెక్క సులువుకొరకు లీటరు నూరు రూపాయలుగా గట్టిన సంవత్సరమునకు 28,400 రూపాయల ఆదా. బ్యాటరీ మార్పునకు మూడు లక్షలు అడిగిరనుకొందము. ఆ మొత్తము పెట్రోలు పొదుపులో తిరిగి రావలెనన్న పది సంవత్సరములు దాటును. బండి అంతకాలము బ్రతుకునా? అదే బ్యాటరీ పోటీధరకు దొరకి, స్థానికముననే బిగింపబడి, ఖర్చు సగమైన అయిదు సంవత్సరములు దాటిన కొన్ని నెలలకే పెట్టుబడి తిరిగివచ్చును. అనగా హైబ్రిడ్ లాభమా నష్టమా యనునది యంత్రమునందు లేదు. మరమ్మతు ఎవరి చేతిలో నున్నదను దానియందున్నది.

ఇది మా ఊహ మాత్రమే యని ఎవరైన అనవచ్చును. అట్టివారికి సమాధానము ప్రభుత్వపు రికార్డులలోనే యున్నది. 2014 ఆగస్టు 25వ తేదీన కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల తయారీ సంస్థలపై తీర్పు చెప్పెను. విడిభాగములను, పరీక్షాపరికరములను, మరమ్మతు సమాచారమును బయటి వర్కుషాపులకు అందనీయక తమ ఏజెంట్లకే పరిమితము చేసి పోటీని చంపినారని నిర్ణయించి, మొత్తము సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టొయోటా మొదలగు పేర్లన్నియు ఆ పట్టికలో నున్నవి. స్వదేశి, విదేశి యను భేదమే లేదు. ఈ విషయమున అందరును ఏకగోత్రులు. అప్పీలు చేసిన మూడు సంస్థల విషయమున 2016 డిసెంబరులో ట్రిబ్యునలు తప్పును స్థిరపరచి జరిమానాను మాత్రము తగ్గించెను. సామాన్యపు పెట్రోలు కార్ల విషయముననే ఇట్లు జరిగినప్పుడు, విద్య మరింత గూఢమైన హైబ్రిడ్ విషయమున గృహస్థుని గతి యేమి?

కంపెనీల పక్షమువారు చెప్పు జవాబొకటి గలదు. ఇది వందల వోల్టుల విద్యుత్తుతో గూడిన పని. రోడ్డుప్రక్క షెడ్డులోని మిస్త్రీ చేయి పెట్టిన ప్రాణాపాయము, కావున మా వర్కుషాపునకే రండని వారందురు. అపాయము నిజమే. ఆ బండ్లలోని నారింజరంగు తీగలు అపాయమునకు గుర్తుగానే పెట్టబడినవి. సర్వీసు ప్లగ్గును పీకి, కొంతసేపు ఆగి, రబ్బరు చేతొడుగులు తొడిగి, మీటరుతో పరీక్షించినగాని ఎవడును వాటిని ముట్టరాదు. అయితే అపాయమునకు విరుగుడు విద్యయా, అజ్ఞానమా? మన వీధులలో లైనుమన్ 11,000 వోల్టుల తీగల నడుమ పనిచేయుచున్నాడు. అతనికి పని నేర్పి, చేతొడుగు లిచ్చి, కరెంటు ఆపి పంపుచున్నారే గాని ఆ విద్య ఒక్క కంపెనీ సొత్తని దాచిపెట్టలేదు. అందని విద్యకు ఆశపడి మిస్త్రీ దొంగచాటుగా ప్రయత్నించిననే ప్రాణము పోవును. విద్యను మూసిపెట్టి, పిదప విద్య లేదని నిందించుట ఏ న్యాయము?

ఈ దుస్థితికి ప్రభుత్వపు చపలత్వము తోడైనది. 2015 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఫేమ్ పథకము క్రింద హైబ్రిడ్లకు సహాయధనము నిచ్చెను. మారుతి సియాజ్ వంటి, మోటారు బండిని స్వయముగ నడపజాలక యంత్రమునకు ఊతమిచ్చుటతో సరిపెట్టుకొను మైల్డు హైబ్రిడ్లకు సయితము మొదట అది లభించెను. 2017 ఏప్రిలులో వాటికి ఆపివేసిరి. 2017 జూలైలో జి.ఎస్.టి. రాగానే పెద్ద హైబ్రిడ్లపై సెస్సుతో గలిపి 43 శాతము పన్ను పడినది. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 శాతమైనది. పూర్తి విద్యుత్తు కార్లపై 5 శాతము మాత్రమే. ఒకనాడు బుజ్జగించి మరునాడు గెంటివేసిన బిడ్డ ఎట్లు పెరుగును? బండ్లు కొద్దిగానే అమ్ముడైనవి. బండ్లు కొద్దియైన చోట మిస్త్రీ నేర్వడు, విడిభాగముల దుకాణము వెలయదు. 2008లో దిగుమతియైన హోండా సివిక్ హైబ్రిడ్లను కొన్నవారి పిల్లికూతలు ఎవరు విన్నారు?

చట్టము చూచిన మరింత వింతగా నున్నది. 1930 నాటి వస్తువిక్రయ చట్టము కొనువాడే చూచుకొనవలెనను సూత్రమును పట్టుకొని యున్నది. చూచుకొనుటకు ఎద్దుకైన పళ్లు గలవు. మూసియున్న బ్యాటరీకి పళ్లు లేవు. రిజిస్ట్రేషను బదిలీ కాగితములలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు వ్రాయుదురు. బండి విలువలో ముఖ్యభాగమైన బ్యాటరీ స్థితినిగూర్చి ఒక్క అక్షరము లేదు. 2023 ఏప్రిలు 1 నుండి పాతబండ్ల వ్యాపారులు రవాణాశాఖ అనుమతి పొందవలెనని, తమవద్దనున్న బండిని ఎందుకొరకు ఎంతదూరము నడిపినది రిజిస్టరులో వ్రాయవలెనని నిబంధన వచ్చినది. వ్యాపారి లాభముపై 18 శాతము పన్నును వసూలగుచున్నది. వ్యాపారి నడిపిన మైళ్ల లెక్క సర్కారుకు కావలెను, అతని లాభములో పాలు కావలెను; కొన్నవాని బ్యాటరీలో మిగిలిన ప్రాణమెంత యను లెక్క మాత్రము అక్కరలేదు!

ఇతర దేశములు నిద్రపోవుచుండలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు ఓటర్లు 2012లోనే కార్ల మరమ్మతు హక్కును అత్యధిక సంఖ్యతో ఆమోదించిరి. యూరపు సంఘము 2023లో చేసిన బ్యాటరీ శాసనము, వాహనములను నడుపు బ్యాటరీల ఆరోగ్యమును దెలుపు సమాచారము కొన్నవారికి అందుబాటులో నుండవలెనని విధించినది. మనదేశమున 2022 జూలైలో మరమ్మతు హక్కునుగూర్చి ఒక కమిటీ ఏర్పడెను. అదే సంవత్సరము డిసెంబరులో ఒక పోర్టలు వెలసెను. పోర్టలు చూచి సంతోషింపవచ్చును. దానితో బండి కదలదు. కావలసినది చట్టము.

ఈ విషయమున జహీరాబాదు మాటలాడుటకు ప్రత్యేకమైన అధికారము గలదు. ఇది కార్లను చూచి ఆశ్చర్యపడు పల్లె కాదు. 1980ల దశకమున హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్‌తో కలసి తేలికపాటి లారీల కర్మాగారమును ఇచ్చటనే నెలకొల్పెను. పిదప అది మహీంద్రావారి చేతికి వచ్చెను. నేడు ఈ పట్టణమున ట్రాక్టర్లు తయారగుచున్నవి. ఇదే త్రోవలో సదాశివపేటవద్ద ఎం.ఆర్.ఎఫ్. టైర్లు తయారగుచున్నవి, న్యాలకల్, ఝరాసంగం మండలములలో పారిశ్రామిక మండలికి వేల ఎకరములు సేకరించుచున్నారు. భూమి మనది, శ్రమ మనది. వాహనమును పుట్టించు చేతులున్న ఊరిలో వాహనమునకు వైద్యము లేదనుట సిగ్గుచేటు కాదా? చెరకులారీలను, జీపులను చెవితో విని జబ్బు చెప్పగల మిస్త్రీలు ఈ రహదారి పొడుగునను గలరు. వారికి లోపించినది బుద్ధి కాదు; పుస్తకమును పరికరమును.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, హైబ్రిడ్ లేక విద్యుత్తు కారు చేతులు మారునపుడు బ్యాటరీ ఆరోగ్యమును దెలుపు ధ్రువపత్రము రిజిస్ట్రేషను కాగితములతో జతపరచవలెను. ఆ పరీక్ష అమ్మువాని ఖర్చుతో, అతనికి సంబంధములేని వర్కుషాపులో జరుగవలెను. రెండవది, విడిభాగములు, స్కానరు, మరమ్మతు గ్రంథము ప్రకటిత ధరకు శిక్షణ పొందిన ఏ వర్కుషాపునకైన అమ్మవలెనని చట్టము విధింపవలెను. మూడవది, తెలంగాణ ప్రభుత్వము 2024లో టాటా టెక్నాలజీస్ సంస్థతో గలసి 65 ఐ.టి.ఐ.లను ఆధునిక శిక్షణాకేంద్రములుగ మార్చుటకు పూనుకొన్నది గదా. ఆ కేంద్రములలో క్రొత్త కుఱ్ఱవాండ్రతోపాటు ఇరువది ముప్పది యేండ్లుగా పనిచేయుచున్న మిస్త్రీలకును సాయంకాలపు తరగతులు పెట్టి, హైబ్రిడ్ విద్య నేర్పి, యోగ్యతాపత్ర మీయవలెను.

ఇవి వచ్చువరకు కొనువారు తమ జాగ్రత్తలో తాముండుట మంచిది. రంగును, సీట్ల మెత్తదనమును చూచి మోసపోవలదు. మైల్డు హైబ్రిడ్‌ను పూర్తి హైబ్రిడ్‌గా చూపి ధర పెంచువారి మాట నమ్మవలదు. కంపెనీ వర్కుషాపులో జరిగిన సర్వీసుల పట్టిక నడుగుడు. బ్యాటరీలోని ప్రతి భాగపు వోల్టేజిని స్కానరుపై చూపుమనుడు. పంకా జాలీని విప్పించి చూడుడు. వేడియెండలో కనీస మొక గంటసేపు నడిపి, పిదప మరల స్కానరు పెట్టింపుడు. చెరిపివేసిన దీపము అప్పటికి బయటపడవచ్చును. హామీ ఎంతవరకున్నదో వ్రాతమూలమున తెలిసికొనుడు. 2022 మే మాసమున వెలువడిన హోండా సిటీ హైబ్రిడ్ బ్యాటరీకి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అంతవరకు హామీ గలదు. మొదట కొన్నవారికి ఆ గడువు 2030తో తీరును. గడువు తీరవచ్చిన బండ్లే చవకగా అంగడికి వచ్చునని గ్రహింపుడు. బ్యాటరీ మార్పు ఖర్చును ముందుగానే బండి ధరలో కలిపి లెక్కించి, అప్పటికిని గిట్టిననే బయానా ఇయ్యుడు.

అయితే ఒక్కొక్క గృహస్థుని జాగ్రత్త వాని ఒక్కని సొమ్మును కాపాడును. దేశపు సొమ్మును కాపాడజాలదు. నేడు హైబ్రిడ్ కొద్దిమంది బండి. రేపు విద్యుత్తు ఆటో, విద్యుత్తు ట్రాక్టరు వచ్చును. అప్పుడును ఇదే తాళము ఆటోవాని జీవనముపైన, రైతు సేద్యముపైన పడును. దుక్కి అదనున ట్రాక్టరు ఆగి, దానిని బాగుచేయు హక్కు నూరు కిలోమీటర్ల అవతల ఒక్కని చేతిలో నున్న రైతు ఏమి చేయును? కాబట్టి ఇది కార్లు గలవారి గోడు మాత్రమే యని తక్కినవారు ప్రక్కకు తొలగరాదు. పఠనమందిరములలో దీనిని చర్చింపుడు. మిస్త్రీల సంఘములను పిలిపించి వారి కష్టము వినుడు. శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి మహజరులు పంపుడు. వెల చెల్లించి కొన్న వస్తువును విప్పి చూచుకొను హక్కు ఎవరి దయాధర్మమును కాదు. బండి మనదైనప్పుడు తాళమును మనదే కావలెను.